ఫ్యాను తిరుగుతోంది... తెర వెలగడం లేదు!

మిక్సీ తిరగకపోతే మనం ఏం చేస్తాం? ముందు ప్లగ్గు తీసి మళ్ళీ గట్టిగా పెడతాం. ఇంకో పాయింటులో పెట్టి చూస్తాం. జారు సరిగ్గా కూర్చుందో లేదో ఎత్తి చూస్తాం. అప్పటికీ తిరక్కపోతే మిక్సీని బోర్లించి అడుగునున్న ఎర్ర బొత్తాం నొక్కుతాం. ఇవన్నీ అయ్యాకే మెకానిక్కు మాట ఎత్తుతాం. ఈ వరస మనకెవరూ నేర్పలేదు. పిండి సగం రుబ్బుండగా, ఇంటికి చుట్టాలొచ్చి కూర్చున్నప్పుడు మనమే నేర్చుకున్నాం.

మరి అదే ఇంట్లో కంప్యూటరు ఆగిపోతే మాత్రం రెండడుగులు వెనక్కి వేసి “ఏమండీ, ఇది రావట్లేదండీ” అని కేకేస్తామెందుకు?

నేనూ అంతే. కిందటేడు దసరా ముందు దాకా.

మా ఇంట్లో ఉన్నది కంపెనీ కంప్యూటరు కాదు, అసెంబుల్డ్. 2022లో మా అబ్బాయి పదో తరగతి పరీక్షలయ్యాక, వాడూ వాడి మేనమామా కలిసి సికిందరాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లన్నీ ఎక్కి దిగి, విడివిడిగా ఒక్కో భాగం కొనుక్కొచ్చి, హాల్లో దుప్పటి పరిచి బొమ్మల కొలువులా పేర్చి, రెండు రోజులు కూర్చుని బిగించారు. ఆ రెండు రోజులూ హాల్లోకి చీపురు రానివ్వలేదు. ఇప్పుడు వాడు ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉన్నాడు. వాడు వెళ్ళాక ఆ డబ్బా నాదైపోయింది. నా కథలన్నీ దాన్లోనే టైపు చేసుకుంటాను. అచ్చయినవి ఎలాగూ పత్రికల్లో ఉన్నాయి. అచ్చవనివీ, అన్నిటికంటే ముఖ్యంగా డెబ్భై నాలుగు పేజీలు రాసి సగంలో ఉన్న ఒక నవలికా దాన్లో తప్ప ఇంకెక్కడా లేవు. “పెన్‌డ్రైవులో ఒక కాపీ పెట్టుకో అమ్మా” అని వాడు వెళ్తూ వెళ్తూ చెప్పాడు. పెట్టుకుందాం, పెట్టుకుందాం అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది.

దసరాకి ఇల్లు దులిపాం. బల్ల జరిపి, డబ్బా పక్కకి లాగి, వెనకాల బూజు తీసి మళ్ళీ అక్కడే పెట్టాను. ఆ రాత్రి బొత్తాం నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగా అలాగే ఉంది. ఆపి మళ్ళీ నొక్కాను. అంతే. గుండె జారిపోయింది.

మర్నాడు మా వారు ఊళ్ళో ఉన్న ఒక సర్వీసు దుకాణానికి ఫోన్ చేస్తే ఒక కుర్రాడొచ్చాడు. రాగానే “సార్ లేరా మేడమ్?” అన్నాడు. ఆఫీసుకెళ్ళారన్నాను. రెండుసార్లు బొత్తాం నొక్కాడు. డబ్బా మూత కూడా తీయకుండానే “మదర్‌బోర్డు పోయింది మేడమ్. ఈ మోడలు ఇప్పుడు దొరకదు. బోర్డు, ప్రాసెసరు, ర్యాము మూడూ మార్చాలి. పద్దెనిమిది వేలవుతుంది” అన్నాడు. నా ఫైళ్ళ సంగతేమిటని అడిగాను. “ఫార్మాట్ చెయ్యాల్సొస్తుంది, అవి రావు” అన్నాడు. పద్దెనిమిది వేల మాట అలా ఉంచండి, ‘అవి రావు’ అన్న మాటకి నాకు కళ్ళు తిరిగాయి. మా అబ్బాయిని అడిగి చెబుతానని పంపేశాను. రెండొందలు తీసుకుని వెళ్ళాడు.

‘పనిచెయ్యట్లేదు’ అంటే ఏమిటి?

సాయంత్రం వాడికి ఫోన్ చేసి “ఒరే నాన్నా, కంప్యూటరు పనిచెయ్యట్లేదురా” అన్నాను.

“పనిచెయ్యట్లేదంటే ఏం చేస్తోందమ్మా?”

“ఏం చెయ్యట్లేదనేగా చెబుతున్నా!”

“ఫ్యాన్లు తిరుగుతున్నాయా?”

“తిరుగుతున్నాయి.”

“అయితే ఏదో చేస్తోందిగా! సి.పి.యు. మీద ఫ్యాను కూడా తిరుగుతోందా?”

“తిరుగుతోందిరా, వెనకనించి గాలొస్తోంది.”

“అది క్యాబినెట్ ఫ్యానమ్మా. నేనడిగేది సి.పి.యు. మీదది.”

“సి.పి.యు. అంటే ఈ డబ్బాయే కదరా!”

అటునించి ఒక నిట్టూర్పు. మన దేశంలో అందరం ఆ డబ్బాని సి.పి.యు. అనే అంటాం, దుకాణాల వాళ్ళతో సహా. అసలు సి.పి.యు. అంటే లోపలుండే ప్రాసెసరు, అగ్గిపెట్టంత బిళ్ళ. దాని నెత్తిమీద అల్యూమినియం రేకుల దిమ్మ, దాని మీద ఓ చిన్న ఫ్యాను ఉంటాయి. డబ్బాని క్యాబినెట్టు అనాలట. మూడేళ్ళు దాని ముందు కూర్చుని కథలు రాసిన మనిషిని, దాని అవయవాల పేర్లు నాకు తెలియవు!

డాక్టరు దగ్గరికెళ్ళి ‘ఒంట్లో బాగాలేదు’ అంటే ఆయన మందివ్వడు కదా. జ్వరమా, దగ్గా, ఎన్నాళ్ళనించి, అన్నం సయిస్తోందా అని అడుగుతాడు. కంప్యూటరు సంగతీ అంతే. రానిది అన్నీ ఒక్కలా రాకుండా పోదు. బొత్తాం నొక్కితే అసలు చడీచప్పుడూ లేకపోవడం ఒక జబ్బు. తిరిగి రెండు సెకన్లలో టక్కున ఆగిపోవడం ఇంకో జబ్బు. మాలాగా ఫ్యాన్లు తిరిగి తెర రాకపోవడం మరోటి. తెర మీద అక్షరాలొచ్చి విండోస్ దగ్గర ఆగిపోవడం వేరే. ఈ చివరిదాన్లో లోపలి వస్తువులు చాలామటుకు బాగానే ఉన్నట్టు లెక్క, గొడవ డిస్కు దగ్గరో సాఫ్ట్‌వేర్ దగ్గరో ఉంటుంది. మూత తీసే ముందు మనది వీటిలో ఏదో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

గోడ దగ్గర్నించి మొదలు

మా వాడు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. కరెంటు ఏ దారిన వస్తుందో ఆ దారి వెంటే మనమూ నడవాలి. పంపులో నీళ్ళు రాకపోతే ట్యాంకు దగ్గర్నించి చూసుకుంటూ రామూ? అలాగన్న మాట.

గోడ పాయింటులో సెల్‌ఫోను ఛార్జరు పెట్టి చూస్తే అక్కడ కరెంటుందో లేదో తెలిసిపోతుంది. తరవాత యు.పి.ఎస్. దాని బ్యాటరీ రెండు మూడేళ్ళకి నీరసపడుతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కొన్ని యు.పి.ఎస్.లు గోడలో కరెంటున్నా ముందుకి ఇవ్వవు. అందుకని యు.పి.ఎస్.ని పక్కనపెట్టి తిన్నగా గోడకే పెట్టి చూడాలి. ఆ తరవాత డబ్బా వెనక దూర్చే లావుపాటి వైరు. దులిపేటప్పుడు అది సగం ఊడి, చూట్టానికి ఉన్నట్టే ఉంటుంది. వైరు పక్కనే ఒక చిన్న స్విచ్చుంటుంది, ఒక వైపు సున్నా, ఇంకో వైపు నిలువు గీత. గీత వైపు నొక్కి ఉంటేనే ఆన్. మా పక్కింటి వదిన వాళ్ళ కంప్యూటరు ఒకసారి నాలుగు రోజులు చచ్చినట్టు పడుంది. తీరా చూస్తే పనమ్మాయి తుడుస్తుంటే ఆ స్విచ్చు సున్నా వైపు పడింది! మెకానిక్కు ఇంటికొచ్చి స్విచ్చు నొక్కి మూడొందలు పట్టుకెళ్ళాడు. వదిన ఇప్పటికీ ఆ మూడొందలు తలుచుకుంటుంది.

ఆ వైరు వెళ్ళి చేరే ఇనప పెట్టె పేరు ఎస్.ఎం.పి.ఎస్. గోడనించి వచ్చే 230 వోల్టుల్ని పన్నెండు, అయిదు, మూడుంపాతిక పైచిలుకు వోల్టులుగా విడగొట్టి లోపల అందరికీ పంచిపెట్టేది అదే. మనం బొత్తాం నొక్కగానే అది వెంటనే వడ్డించెయ్యదట. తన వోల్టులన్నీ నిలకడగా ఉన్నాయో లేదో సెకనులో ఒక భాగం పాటు చూసుకుని, అప్పుడు ‘అంతా బాగుంది’ అని బోర్డుకి ఒక సైగ పంపుతుంది. ఆ సైగ అందితేనే ప్రాసెసరు కళ్ళు తెరుస్తుంది. అన్నం, పప్పు, కూర అన్నీ దించాక ‘ఇక లేవండి’ అని మనం పిలిచినట్టు!

తరవాత ప్రాసెసరు తన చుట్టూ ఉన్న వాళ్ళని పలకరిస్తుంది. ర్యాము ఉందా? తెరకి బొమ్మ పంపే భాగం ఉందా? డిస్కు ఉందా? ఈ హాజరు పట్టీకి పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్ అని పేరు. వీళ్ళలో ఎవరైనా పలక్కపోతే అక్కడే ఆగిపోతుంది. అయితే తెర ఇంకా రాలేదు కాబట్టి మనకి చెప్పే దారి ఉండదు. అందుకనే పాత కంప్యూటర్లు బీప్, బీప్ అని మోగేవి. ఎన్నిసార్లు మోగితే ఏమి రోగమో తయారు చేసిన వాళ్ళని బట్టి మారుతుంది, బోర్డుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇప్పటి డబ్బాల్లో చాలావాటికి ఆ చిన్న స్పీకరే ఉండదు. దాని బదులు కొన్ని బోర్డుల మీద ఆవగింజంత లైట్లు నాలుగుంటాయి, సి.పి.యు., డి.ర్యామ్, వి.జి.ఎ., బూట్ అని పక్కన రాసుంటుంది. ఎక్కడ ఆగిపోయిందో ఆ లైటు వెలుగుతూ ఉండిపోతుంది.

వచ్చిన కుర్రాడు మూత తీసుంటే ఈ లైట్లు వాడికీ కనిపించేవి.

గాజులు తీసి పక్కన పెట్టి

“మూత తియ్యమ్మా” అన్నాడు మా వాడు. నాకు చెయ్యి ఆడలేదు. మా వారు “వద్దులే, ఇంకేదో అయితే? పోనీ ల్యాప్‌టాప్ కొనేద్దాం” అన్నారు. మంచికే అన్నారనుకోండి. కానీ ల్యాప్‌టాప్ కొంటే నా డెబ్భై నాలుగు పేజీలు దాన్లోకి వాటంతటవే నడిచొస్తాయా?

జాగ్రత్తలు ముందే చెబుతాను. గోడలో ప్లగ్గు పూర్తిగా పీకెయ్యాలి. స్విచ్చు ఆపితే చాలదు. ఎందుకంటే డబ్బా ఆపేసి ఉన్నా, ప్లగ్గు ఉన్నంతసేపూ ఎస్.ఎం.పి.ఎస్. నించి బోర్డుకి కొద్దిగా కరెంటు వస్తూనే ఉంటుంది. పీకాక ముందున్న బొత్తాన్ని అయిదారు సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కాస్తా ఖర్చయిపోతుంది. చేతి గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. మెళ్ళో గొలుసు జాకెట్టు లోపలికి తోసుకోండి, వంగినప్పుడు వేలాడి బోర్డు మీద గీసుకోకుండా. తడి చేతులు, తడి జుట్టు పనికిరావు. సింథటిక్ చీర కట్టుకుని తివాచీ మీద కూర్చోవద్దు. మన ఒంట్లో చేరే స్థిర విద్యుత్తు మనకి చురుక్కుమనేలోపే చిప్పుల్ని కాల్చెయ్యగలదు. మధ్య మధ్య క్యాబినెట్టు ఇనప చట్రాన్ని ముట్టుకుంటూ ఉంటే చాలు. ఇక ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా దాని లోపల కెపాసిటర్లలో కరెంటు దాగి ఉంటుంది. వైర్లు ఇనప తీగతో కలిపి దాన్ని పరీక్షించే చిట్కా ఒకటి యూట్యూబులో చూపిస్తున్నారు. నేను మాత్రం అది ఇంట్లో చెయ్యమని చెప్పను.

పక్క మూతకి వెనకాల రెండు స్క్రూలు. తీస్తే లోపల... ఏం చెప్పమంటారు, మూడేళ్ళ దుమ్ము! పక్కనే పరుపులుండటం వల్ల దూది పీచు కూడా. ఇంటి గుమ్మం ముందు రోజూ ముగ్గేసే మనిషిని, నా బల్ల కింద ఇంత చెత్త పెట్టుకున్నానా అని సిగ్గేసింది. మెత్తటి పెయింటు బ్రష్షుతో పైపైన తీశాను. తడి గుడ్డ పెట్టకూడదు. వాక్యూమ్ క్లీనరు కూడా వద్దన్నాడు, దాని గొట్టం దగ్గర స్థిర విద్యుత్తు పుడుతుందట.

తరవాత మూత తీసే ఉంచి ప్లగ్గు పెట్టి, చెయ్యి దూరంగా ఉంచి బొత్తాం నొక్కాను. ప్రాసెసరు మీద ఫ్యాను తిరిగింది. బోర్డు మూల ఒక చిన్న పసుపు లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. చత్వారం ఇంకా రాలేదు కానీ ఆ అక్షరాలు చదవటానికి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోవాల్సొచ్చింది. డి.ర్యామ్! వాడికి చెప్పగానే ఫోన్లోనే “అమ్మయ్య” అన్నాడు. “బోర్డు పోలేదేమోనమ్మా. ర్యాము దగ్గర ఆగింది.”

మళ్ళీ ప్లగ్గు పీకాను. ర్యాము అంటే అట్టముక్కలాంటి పొడుగు పలక, అంచున బంగారు రంగు పళ్ళు. మాకు అలాంటివి రెండున్నాయి. చివర్న కొక్కేలు వెనక్కి నొక్కితే లేచి వస్తాయి. పళ్ళని వేలితో ముట్టుకోకుండా అంచులు పట్టుకుని తీశాను. పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొట్టు బోర్డు మీద పడకుండా దూరంగా దులిపాను. ఐసోప్రొపైల్ ఆల్కహాలు దొరికితే అది ఇంకా మంచిదట. గాడిలో పడి ఉన్న దూది పీచుని బ్రష్షు కొసతో తీశాను.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. రెండూ ఒకేసారి తిరిగి పెట్టెయ్యకూడదు. ఒక్కటి పెట్టి చూడాలి. వచ్చిందంటే రెండోది పెట్టాలి. రాలేదంటే దాన్ని తీసి రెండోదాన్ని అదే గాడిలో పెట్టి చూడాలి. అప్పుడు గాడిది తప్పా, పలకది తప్పా తేలుతుంది. పులుసు బాగోకపోతే ఉప్పూ బెల్లం చింతపండూ ఒక్కసారే వేసేస్తే దేనివల్ల బాగుపడిందో దేనివల్ల చెడిందో ఎవరికి తెలుస్తుంది? ఒక్కొక్కటే మార్చి రుచి చూడాలి. ఒంటి పలకైతే ఏ గాడిలో పెట్టాలో బోర్డు పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. సాధారణంగా నాలుగు గాళ్ళుంటే ప్రాసెసరు వైపునించి రెండోది. ఆ పుస్తకం బీరువాలో వారంటీ కాగితాల మధ్య దొరికింది. పారెయ్యనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

పలక అంచున మధ్యకి కాస్త పక్కగా చిన్న నొక్కు ఉంటుంది. గాడిలో ఉన్న గట్టుకి అది సరిపోయేలా పెట్టి, రెండు చివరలా బొటనవేళ్ళతో సమంగా నొక్కాలి. నాకు నొక్కటానికి భయమేసింది. విరుగుతుందేమోనని. “టక్ అని కొక్కెం పడే దాకా నొక్కమ్మా” అంటాడు వాడు. మొదటిసారి పడనే లేదు. లైటు మళ్ళీ అక్కడే ఆగింది. ఇంకోసారి తీసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని నొక్కితే టక్‌మంది. ప్లగ్గు పెట్టి, బొత్తాం నొక్కి, ఆ చిన్న లైటునే చూస్తూ కూర్చున్నాను. డి.ర్యామ్ దగ్గర వెలిగింది... ఆరింది. పక్కది వెలిగింది, ఆరింది. తెర మీద తెల్లటి అక్షరాలు!

వంటింట్లోంచి మా వారు పరిగెత్తుకొచ్చారు, నేను కేక పెట్టానట.

రెండో పలకా పెట్టాను, అదీ పలికింది. ఇంతకీ దుమ్ము వల్ల ఆగిందా, డబ్బా లాగినప్పుడు పలక కదిలిందా అంటే ఇప్పటికీ నేను చెప్పలేను. రెండూ బాగానే ఉన్నాయి. ఖర్చు, ఒక రబ్బరు.

పిలవని విందు

‘సార్ లేరా’ అన్న కుర్రాడికి అప్పుడు చెప్పలేకపోయాను గానీ, ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఎనియాక్ అనే కంప్యూటర్ని లోకానికి చూపించారు. అది ఒక పెద్ద గదంతా నిండి ఉండేది. దాన్లో సుమారు పద్దెనిమిది వేల వాక్యూమ్ ట్యూబులుండేవి, పాత రేడియోల్లో ఎర్రగా వెలిగేవే. దానికి లెక్కలు చెప్పి చేయించింది ఆరుగురు ఆడవాళ్ళు. వైర్లు మార్చి, స్విచ్చులు తిప్పి చేయించాలి. చేతికి పుస్తకం ఇవ్వలేదు, యంత్రం బొమ్మలు ముందేసుకుని తమంతట తామే నేర్చుకున్నారు. వాళ్ళలో జీన్ బార్టిక్ అనే ఆవిడ తరవాత్తరవాత చెప్పేది, యంత్రం ఆగిపోతే తప్పు ఎక్కడుందో దాదాపు ఏ ట్యూబుదో అనేంత దాకా తాము కనిపెట్టగలిగేవాళ్ళమని. ప్రదర్శన అయిన రాత్రి గొప్ప విందు జరిగింది. ఆ ఆరుగుర్నీ పిలవలేదు.

బిగించినవాళ్ళు మర్చిపోయేవి

కంపెనీ కంప్యూటరు చెడితే ఒక్కళ్ళకి ఫోన్ చేస్తే సరిపోతుంది. అసెంబుల్డ్ దానికి అమ్మానాన్నలు పదిమంది. బోర్డు ఒకరిది, ఎస్.ఎం.పి.ఎస్. ఇంకొకరిది, ర్యాము మరొకరిది. 1995లో ఇంటెల్ వాళ్ళు ఎ.టి.ఎక్స్. అని ఒక కొలత పెట్టబట్టి వీళ్ళ వస్తువులన్నీ ఒకదాన్లో ఒకటి ఇముడుతున్నాయి గానీ, వారంటీ మాత్రం దేనిదానికే. ర్యాముకి సాధారణంగా చాలా ఏళ్ళుంటుంది. అందుకని బిల్లులు, పెట్టెలు దాచుకోవాలి. ‘బోర్డు పోయింది’ అనగానే ఒప్పుకోకుండా బిల్లు మీద తేదీ చూడాలి.

ఇంట్లో పిల్లలు కొత్తగా కంప్యూటరు బిగించి, రాత్రి పన్నెండింటికి ‘రావట్లేదు’ అని ఏడుపు మొహం పెట్టినప్పుడు అమ్మలు అడగదగ్గ ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బోర్డుకి ఇరవై నాలుగు పిన్నుల పెద్ద వైరు కాక, ప్రాసెసరు పక్కన నాలుగో ఎనిమిదో పిన్నుల వైరు ఇంకోటి పెట్టాలి. అది మర్చిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర రాదు. గ్రాఫిక్స్ కార్డు కొనుక్కున్నవాళ్ళు తెర వైరుని ఆ కార్డుకే పెట్టాలి. అలవాటుకొద్దీ బోర్డు వైపున్న దాన్లో పెట్టి, తెర పోయిందని దుకాణానికి మోసుకెళ్ళిన వాళ్ళు మా తమ్ముడి స్నేహితుల్లోనే ఇద్దరున్నారు. కొత్త రకం డి.డి.ఆర్.5 ర్యాము అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు దాన్ని అలవాటు చేసుకోవటానికి కొన్ని నిమిషాలు నల్లటి తెరతోనే ఉండొచ్చు. కంగారుపడి ఆపెయ్యకుండా ఓ పావుగంట ఓపిక పట్టమనండి.

మా డబ్బా కూడా 2022లో మొదటి రాత్రి తిరిగీ తిరగంగానే ఆగిపోయింది. అర్ధరాత్రి మావాళ్ళిద్దరూ మొత్తం విప్పారు. బోర్డు ఇనప రేకుకి తగలకుండా కింద చిన్న చిన్న ఇత్తడి కాళ్ళుంటాయి. బోర్డుకి బెజ్జం లేని చోట ఒక కాలు ఎక్కువ బిగించేశారు! అది వెనకాల తగిలి షార్ట్ అవుతోంది. ఎస్.ఎం.పి.ఎస్. దాన్ని కనిపెట్టి తనంతట తాను ఆపేసుకుంటోంది. అది మంచిదైనందుకు బతికిపోయాం. చవకరకం దానితో ఏమయ్యేదో!

ముప్ఫయి రూపాయల గడియారం

తెర వచ్చిందని సంబరపడ్డానా, తారీఖు ఏ కాలం నాటిదో చూపిస్తోంది. ఇంటర్నెట్టు తెరిస్తే ఏ పేజీ రాదు, ‘ఇది క్షేమం కాదు’ అంటుంది. బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుంది, సి.ఆర్.2032 అంటారు, మూడు వోల్టులది. ప్లగ్గు పీకినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే తారీఖు వెనక్కి పోతుంది, తారీఖు తప్పయితే వెబ్‌సైట్ల భద్రత పత్రాలు సరిపోలవు. వాచీల దుకాణంలో ముప్ఫయి రూపాయలకి ఇచ్చాడు. ప్లగ్గు పీకి, పాతది తీసి, రాత ఉన్న వైపు పైకి ఉండేలా కొత్తది పెట్టాను. ఈసారి వాడికి ఫోన్ కూడా చెయ్యలేదు.

ఒకవేళ నిజంగానే బోర్డు పోయినా ఫైళ్ళు పోవు, ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. మనం రాసినవి ఉండేది డిస్కులో. బోర్డు పొయ్యి లాంటిదైతే డిస్కు ఉప్పుల డబ్బా. పొయ్యి ఆరిపోతే డబ్బాలో ఉప్పు కరిగిపోదు కదా. డిస్కు తీసి, కొన్ని వందల రూపాయలకి దొరికే యు.ఎస్.బి. తొడుగులో పెట్టి ఇంకో కంప్యూటరుకి తగిలిస్తే చాలామటుకు అన్నీ కనిపిస్తాయి. విండోస్‌లో బిట్‌లాకర్ అని తాళం వేసి ఉంటే మాత్రం నలభై ఎనిమిది అంకెల తాళంచెవి అడుగుతుంది. అది మామూలుగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది, కంప్యూటరు బాగున్నప్పుడే రాసిపెట్టుకోవాలి. దుకాణానికి ఇవ్వాల్సొస్తే డిస్కు తీసి ఇంట్లో పెట్టుకుని డబ్బా మాత్రం ఇవ్వండి. మన ఫొటోలు, బ్యాంకు కాగితాలు వాళ్ళకెందుకు? ఏదైనా పోయిందని చెబితే, బాగున్న దాన్ని పెట్టి మీ ఎదురుగా పనిచేయించి చూపించమనండి. మార్చిన పాత భాగం తిరిగి అడిగి పుచ్చుకోండి. మొహమాటపడకండి, బంగారం దుకాణంలో మొహమాటపడతామా?

ఆ రాత్రే డెబ్భై నాలుగు పేజీలూ పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. రెండో కాపీ మా వాడికి మెయిల్ చేశాను. “చదవమంటావా?” అన్నాడు. “పూర్తయ్యాక” అన్నాను.

మొన్న పక్కింటి వదిన గోడ మీదనించి పిలిచింది. వాళ్ళ కంప్యూటరు మళ్ళీ రావట్లేదట. “వెనకాల స్విచ్చు చూశాను, గీత వైపే ఉంది” అంది ముందుగానే. “ఫ్యాను తిరుగుతోందా వదినా?” అన్నాను. “తిరుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది” అంది. ఆదివారం వెళ్తానన్నాను. స్టార్ స్క్రూడ్రైవరు, పెయింటు బ్రష్షు, రబ్బరు సంచిలో వేసి పెట్టాను.